చుక్కల లెక్క మనకా చెప్పేది!

ఏ ఫోన్ల కొట్టు ముందునుంచి వెళ్ళినా అద్దాల మీద ఇంతింత లావు అక్షరాలతో "200 మెగాపిక్సెళ్ళు" అని కనిపిస్తోంది. మొన్నటి దాకా అది 108. అంతకుముందు 64, ఆపైన 48. పట్టుచీరల కొట్టువాళ్ళు ఆషాఢంలో తగ్గింపు శాతం పెంచుకుంటూ పోయినట్టు వీళ్ళు చుక్కలు పెంచుకుంటూ పోతున్నారు. లోపలికి వెళ్తే కొట్టులో కుర్రాడు మగవాళ్ళకి ఒక రకంగానూ మనకి ఒక రకంగానూ చెప్తాడు. వాళ్ళకి ప్రాసెసరు, బ్యాటరీ, ఇంకా ఏవేవో. మనవైపు తిరిగేసరికి గొంతు మెత్తబడిపోతుంది. "కెమేరా చాలా బావుంటుంది మేడం, 200 ఎంపీ!" అంటాడు. "ఎంపీ అంటే ఏమిటి నాయనా?" అని అడిగి చూడండి. "అంటే... క్లారిటీ మేడం" అంటాడు. అక్కడితో అతని శాస్త్రం సమాప్తం.

మెగాపిక్సెలు అంటే క్లారిటీ కాదు. పది లక్షల చుక్కలు. అంతే, అంతకన్నా ఏమీ లేదు. ఫోటో అనేది చుక్కల మీద కట్టిన బొమ్మ. ఈ సంగతి మనకి ఇంకొకళ్ళు విడమరిచి చెప్పాలా? ఆరేళ్ళ వయసునుంచి చుక్కలు లెక్కపెట్టి బొమ్మ కట్టిన జాతి మనది. 15 చుక్కలు, 8 వచ్చే దాకా, సందు చుక్క — ఈ మాట వినగానే ముగ్గు ఎంత వస్తుందో, ఎన్ని రేకులొస్తాయో మీ కళ్ళముందు కదలటం లేదూ? ఆ ముగ్గునే అపార్టుమెంటు గుమ్మం ముందు రెండడుగుల చోట్లో వేస్తే చుక్క చుక్కకీ మధ్య అంగుళంన్నర ఉంటుంది, గీత సన్నగా, రేకు ఒద్దికగా కూర్చుంటుంది. సంక్రాంతికి పుట్టింటికెళ్ళి అవే 15 చుక్కల్ని వీధి వాకిలి నిండా పరిచారనుకోండి, చుక్కకీ చుక్కకీ జానెడు దూరం. గీత సాగిపోతుంది, మెలిక వంకరపోతుంది, తామర రేకు కాస్తా ఏనుగు చెవి అవుతుంది. తప్పు మీ చేతిది కాదు. చుక్కలవే, వాకిలి పెరిగింది.

ఫోటోని పెద్దది చేయించటం అంటే ఇదే. ఉన్న చుక్కల్ని ఎంత కాగితం మీద పరుస్తున్నాం అన్నదే ప్రశ్న. అంగుళానికి 300 చుక్కలు పడితే చేతిలో పట్టుకుని చూసే ఫోటో నున్నగా ఉంటుంది. ఈ 300 అన్న అంకె ఆకాశంలోంచి ఊడిపడలేదు. మామూలు చూపున్న కన్ను పది అంగుళాల దూరంనుంచి అంగుళానికి ఇంచుమించు 340 చుక్కల దాకా విడివిడిగా పట్టుకోగలదు. (నలభై దాటిన మనలాంటి వాళ్ళకి కళ్ళజోడు పెట్టుకున్నాకే అనుకోండి.) దూరం వెళ్ళేకొద్దీ కన్ను పట్టుకునేవి తగ్గిపోతాయి. అయిదడుగుల దూరంనుంచి చూస్తే అంగుళానికి 60 చుక్కలున్నా కన్ను సరిపెట్టుకుంటుంది. రోడ్డు మీద సినిమా హోర్డింగు దగ్గరికెళ్ళి చూస్తే హీరోగారి ముఖం కందిపప్పు ఆరబోసినట్టు ఉండి, బస్సులోంచి చూస్తే నవమన్మథుడల్లే ఉండటానికి కారణం ఇదే.

ఇప్పుడు భాగహారం చేద్దాం. 12 మెగాపిక్సెళ్ళ ఫోటో అంటే సాధారణంగా 4000 చుక్కల పొడుగు, 3000 చుక్కల వెడల్పు. 300 పెట్టి భాగించండి. పదమూడు అంగుళాల పైచిలుకు పొడుగు, పది అంగుళాల వెడల్పు. అంటే గోడకి తగిలించే పటం దాదాపు వచ్చేసినట్టే. మరి 48 మెగాపిక్సెళ్ళయితే నాలుగింతల పటం వస్తుందా? రాదు. పొడుగు రెండింతలు, వెడల్పు రెండింతలు, అంతే. వాకిలి అటూ ఇటూ రెట్టింపయితే చుక్కలు నాలుగు రెట్లు కావాలి. ఈ మాట ముగ్గు వేసిన ఏ పిల్లని అడిగినా చెప్తుంది. 12 నుంచి 24కి పెంచి "డబుల్ క్లారిటీ" అని అరిచేవాడు మీకిచ్చేది పొడుగులో రెట్టింపు కాదు, 1.4 రెట్లు మాత్రమే. పది అంగుళాలది పద్నాలుగయిందన్నమాట. దీనికి పదిహేను వేలు ఎక్కువ పెట్టమంటే పెడదామా?

ఇంకో సంగతి ఆ అద్దాల మీద రాయరు. 200 మెగాపిక్సెళ్ళ ఫోనుతో మీరు మామూలుగా మీట నొక్కితే వచ్చే ఫోటో దాదాపు 12 మెగాపిక్సెళ్ళదే! పదహారు చుక్కల్ని ఒక చుక్కగా కలిపేస్తుంది ఆ ఫోను. 48, 50 ఉన్నవయితే నాలుగేసి కలుపుతాయి. ఎందుకంటే గోరంత పలక మీద ఇరవై కోట్ల చుక్కలు కిక్కిరిస్తే ఒక్కొక్క దానికి దక్కే వెలుతురు ఎంతని? వాన వచ్చినప్పుడు పెరట్లో ఉగ్గుగిన్నెలు వంద పెట్టినా ఒక్కోదాన్లో పడేది నాలుగు చినుకులే. నాలుగూ కలిపి గంగాళంలో పోసుకుంటే తప్ప నీళ్ళు కనపడవు. అలా కలపటం మంచి పనే, దీపం వెలుతుర్లో తీసిన ఫోటో కూడా అందుకే శుభ్రంగా వస్తోంది. మోసం ఫోనులో లేదు, అద్దం మీది అక్షరాల్లో ఉంది. వాడేది 12 అయినప్పుడు అమ్మేది 200 అని ఎందుకు రాయాలి? పూర్తి చుక్కలతో తీసే సదుపాయం ఉంటుంది గానీ, అది మెనూలో ఏడు గడపలు దాటి వెతుక్కోవాలి. మధ్యాహ్నపు ఎండలోనో బాగా వెలుతురున్న చోటో తప్ప దానివల్ల ఒరిగేది కూడా తక్కువే.

"పోనీలెండి, ఇప్పుడు ఫోటోలు ప్రింటు వేయించుకునేదెవరు, అన్నీ ఫోన్లోనే చూసుకుంటున్నాం కదా" అనే వాళ్ళున్నారు. నా కోపం అంతా వాళ్ళమీదే. ఫోను తెర మీద చూసుకోవటానికి ఇరవై లక్షల చుక్కలు చాలు, మరి 200 మెగాపిక్సెళ్ళు కొన్నదెందుకుట? అదలా ఉంచండి. ప్రింటు వేయించాల్సిన రోజు ప్రతి ఇంటికీ ఒకటి వస్తుంది. ఆ రోజు ముందుగా చెప్పి రాదు.

మా బంధువుల్లో ఒక పెద్దావిడ పోయారు. డెబ్భై నాలుగేళ్ళు. పదకొండోరోజుకి పటం కావాలి. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, ఒక్కొక్కరి చేతిలో లక్ష రూపాయల ఫోను. అందరి ఫోన్లూ కలిపి వెతికితే ఎన్ని వేల ఫోటోలో! మొదటి ఇడ్లీ తిన్న మనవడు, మొక్కకి పూసిన మొదటి మందారం, ఊటీలో మబ్బులు, కొత్త కారు ముందునుంచి, వెనకనుంచి. ఆవిడ ఒక్కతీ ఉన్న ఫోటో ఒక్కటి లేదు. ఎందుకుంటుంది? ఫోటో తీసేటప్పుడు ఆవిడ వంటింట్లో ఉన్నారు, లేకపోతే "అత్తయ్యా, కాస్త ఈ బొత్తాం నొక్కండి" అంటే ఫోను పట్టుకుని ఇవతల నిలబడ్డారు. చివరికి ఒక బారసాల గ్రూపు ఫోటో దొరికింది. నలభైమంది, మూడు వరసలు, రెండో వరసలో ఈవిడ. అదైనా అసలు ఫోటో కాదు, ఎవరో వాట్సాప్ లో పంపినది. తీసిన ఫోటోగ్రాఫరు దగ్గర అది ఎప్పుడో చెరిపేశారుట.

వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోని పొడుగు వైపు దాదాపు 1600 చుక్కలకి కుదిస్తుంది. 4000 చుక్కలది 1600 అయిందంటే, కోటీ ఇరవై లక్షల చుక్కల్లో మిగిలింది పంతొమ్మిది లక్షల చిల్లర. ఆరోవంతు! వరసకి పదమూడు పద్నాలుగు మంది నిలబడ్డ ఫోటోలో ఒక మనిషి ముఖం వెడల్పు ఎంత వస్తుందో మీరే లెక్కెయ్యండి. మహా అయితే 45 చుక్కలు. 12 × 15 అంగుళాల పటంలో ముఖం ఒక అయిదంగుళాలు ఉండాలి కదా. 45ని 5 పెట్టి భాగిస్తే అంగుళానికి 9 చుక్కలు. జీవితమంతా ఆ ఇంటికోసం అరిగిపోయిన మనిషికి అంగుళానికి తొమ్మిది చుక్కలు దక్కాయి.

స్టూడియోలో కుర్రాడు మాత్రం "దానిదేముంది మేడం, ఏ.ఐ.లో పెడితే క్లియర్ అయిపోతుంది" అన్నాడు. అయింది. మర్నాటికి పటం వచ్చింది, కట్టిన ఫ్రేముతో సహా. చర్మం గచ్చులా నున్నగా, కళ్ళు తళతళలాడుతూ, పెదాలకి గులాబిరంగు. ఆవిడ చెల్లెలు, డెబ్భై ఏళ్ళ మనిషి, గంధం గిన్నె పట్టుకుని బొట్టు పెడదామని దగ్గరికెళ్ళి ఆగిపోయారు. చాలాసేపు చూసి, "ముక్కుపుడక ఏదర్రా?" అని అడిగారు. పెళ్ళినాటినుంచీ తియ్యని ముక్కుపుడక. గెడ్డం మీద పుట్టుమచ్చా లేదు. చిన్నప్పుడు మశూచి మిగిల్చిన గుంటలూ లేవు. ఎక్కడివి వస్తాయి? లేని చుక్కలు లేనట్టే. ఆ యంత్రం చేసేది వెలికితీయటం కాదు, కల్పించటం. ఇలాంటి చోట ఆడమనిషికి ఏం ఉంటుందో, తను అంతకుముందు చూసిన లక్షల ముఖాలనుబట్టి ఊహించి నింపుతుంది. నవలలు రాసుకునే నాకు కల్పన మీద కోపం ఉండదు, కానీ కల్పించిన ముఖానికి దండ వేసి మన అమ్మ అనుకోమంటే ఎలా? పాతకాలం కంప్యూటరు పద్ధతి దీనికన్నా నయం. అది చుక్కకీ చుక్కకీ మధ్య సగటు రంగు వేసి మజ్జిగలో నీళ్ళు కలిపినట్టు పలచన చేసేది. మసకగా ఉన్నా అది ఆవిడ మసకే.

ఈ మాట అంటే మా ఇంట్లోనే ఒకరు, "నువ్వు మరీను, గ్రూపు ఫోటో అసలుది దొరికినా అంతే కదా" అన్నారు. నిజమే, దానిలో ముఖం 110 చుక్కలుండేది, అంగుళానికి 22. అదీ చాలదు. చాలేదేమిటో కూడా వినండి. అదే ఫోనుతో, అదే 12 మెగాపిక్సెళ్ళతో, ఆవిడని ఒక్కర్తినీ కిటికీ పక్క కూర్చోబెట్టి నిలువుగా ఒక్క ఫోటో తీసి ఉంటే 3000 చుక్కల్ని 12 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 250. ముక్కుపుడకలో రాయి కూడా తెలిసేది. నిమిషం పని. దానికి లక్ష రూపాయల ఫోను కూడా అక్కర్లేదు. అయిదడుగుల దూరానికి 60 చాలన్నాను కదా అంటారేమో, అమ్మ పటాన్ని మనం అయిదడుగుల దూరంనుంచి చూడం. దగ్గరికెళ్ళి, తుడిచి, బొట్టు పెడతాం.

1892లో హైదరాబాదులో లాలా దీన్ దయాళ్ ఒక జెనానా స్టూడియో తెరిచారు. ఆరో నిజాం గారి ఫోటోగ్రాఫరు ఆయన. పరదాలో ఉండే స్త్రీలకోసం ప్రత్యేకంగా పెట్టిన స్టూడియో అది, నడిపింది ఒక ఆంగ్ల వనిత. ఆ రోజుల్లో ఫోటో అంటే పెద్ద గాజుపలక. పలకని కాగితం మీద ఆనించి ముద్ర వేసేవారు. పలక ఎంతో ఫోటో అంత, సాగదీయటం లేదు, ఊహించి నింపటం లేదు. పరాయి మగవాడి కంట పడని ఆడవాళ్ళకి కూడా నూటముప్ఫై ఏళ్ళ క్రితం తమ ముఖం తమ ముఖంలాగానే కాగితం మీదికెక్కే ఏర్పాటు దొరికింది. కలిగిన వాళ్ళకే అనుకోండి, అది వేరే కథ. ఇప్పుడు పరదా లేదు, చేతిలో కెమేరా ఉంది, అయినా ఇంటి ఇల్లాలికి అంగుళానికి తొమ్మిది చుక్కలేనా?

డిజిటల్ కెమేరా పుట్టినప్పుడు అది పాపం ఇంత గొప్పలు పోలేదు. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు కట్టిన మొదటి నమూనా బరువు మూడున్నర కిలోల పైన, బొమ్మలో చుక్కలు మొత్తం పదివేలు. ఒక్క ఫోటోని క్యాసెట్టు టేపు మీద ఎక్కించటానికి 23 సెకన్లు. వందా వందా చుక్కల ఆ బొమ్మని మన 300 లెక్కన అచ్చువేస్తే బొట్టుబిళ్ళంత వస్తుంది. పదివేలనుంచి ఇరవై కోట్లకి వచ్చాం. వచ్చి, ఆ ఇరవై కోట్లనీ వాట్సాప్ వాకిట్లో పారబోస్తున్నాం.

పెళ్ళి ఫోటోగ్రాఫర్ల సంగతి ఇంకా విచిత్రం. లక్షలు తీసుకుని, మంచంపట్టె అంత ఆల్బం, తోలు పెట్టె, పేజీకొక మేఘం, మేఘంలో వధూవరులు ఇచ్చి వెళ్తారు. "బాబూ, అసలు ఫైళ్ళివ్వు" అంటే ముఖం చిట్లిస్తారు. చాలా ఒత్తిడి పెడితే కుదించిన ఫోటోలు ఒక పెన్ డ్రైవులో పడేస్తారు, చూడటానికి అచ్చం అసలువాటిలాగానే ఉంటాయి. పూర్వం స్టూడియోల్లో కవరు వెనక నెగటివు నంబరు రాసి ఇచ్చేవారు. పదేళ్ళ తరవాత వెళ్ళి ఆ నంబరు చెప్పినా మళ్ళీ ఫోటో వేసి ఇచ్చేవాళ్ళు. ఇవాళ్టి నెగటివు ఆ అసలు ఫైలే. నెగటివు పారేసి జెరాక్సు కాపీ దాచుకునేవాళ్ళెవరైనా ఉంటారా? బయానా ఇచ్చే రోజునే అడగాలి ఈ మాట, భోజనాలయ్యాక అడిగితే ఎవరూ వినరు. ఫైలు ఇచ్చాక కూడా, దాని వివరాలు తెరిచి పొడుగు వెడల్పుల చుక్కలెన్నో చూడండి. 4000కి తక్కువైతే ఎందుకు తక్కువైందో చెప్పమనండి.

స్టూడియోల్లో ఇంకో బెదిరింపు ఉంది. "ఇది 72 డీపీఐ మేడం, ప్రింటుకి పనికిరాదు" అంటారు. ఆ 72 అనేది ఫైలు మీద అంటించిన చీటీ, అంతే. ఆవకాయ జాడీ మీద "నిమ్మకాయ" అని చీటీ అంటిస్తే లోపలిది నిమ్మకాయ అవుతుందా? మొత్తం చుక్కలెన్ని అన్నదే లెక్క. చాలా కెమేరాలు తీసిన ఫోటోల మీద ఆ చీటీ అలవాటుగా పడుతుంది. ఈ మాట అన్నారంటే ఆ కుర్రాడు మిమ్మల్ని మళ్ళీ మేడం అని సాగదీయడు.

వేళ్ళతో తెరని సాగదీసి దూరంగా ఉన్న మనిషిని దగ్గరికి లాగి తీస్తారే, అదీ మానెయ్యండి. రెండింతలు లాగితే చాలా ఫోన్లలో మిగిలేది నాలుగోవంతు చుక్కలే. కాళ్ళున్నాయి కదా, నాలుగడుగులు ముందుకి వెయ్యండి. ఫోటో పంపమని పిల్లల్ని అడిగినప్పుడు డాక్యుమెంటుగా పంపమనండి, అప్పుడు ఒక్క చుక్క కూడా రాలదు. 2023లో వాట్సాప్ వాళ్ళు హెచ్.డి. అని ఒక మీట పెట్టారు, మామూలుకన్నా అది నయమే గానీ అసలుకి సాటి రాదు. "అంత పెద్ద ఫైలు ఎందుకమ్మా" అని విసుక్కుంటే విసుక్కోనివ్వండి. నెలకి ఒక నాలుగు ఫోటోలు కార్డుసైజులో వేయించండి, ఒక్కోదానికయ్యేది హోటల్లో కాఫీ ఖర్చు. నాలుగు ఆరు అంగుళాల కార్డుకి 1800, 1200 చుక్కలు చాలు, పాత ఫోను ఫోటోలు కూడా పనికొస్తాయి.

అన్నిటికన్నా ముందు, ఈ ఆదివారం ఫోను అవతలి వాళ్ళ చేతిలో పెట్టి మీరు వచ్చి కిటికీ పక్క కూర్చోండి. మీ అత్తగారినీ కూర్చోబెట్టండి, ఒక్కొక్కళ్ళనీ విడిగా. అందాల ఫిల్టరు తీసేయించండి, మచ్చా ముడతా పడనివ్వండి. వంటింటి చీరైనా ఫరవాలేదు. తీసింది చెరపకుండా దాచమంటే మీవారు "ఫోన్లో చోటు లేదోయ్" అంటారు. ఎందుకు లేదు? ఆయన ఫోన్లో పోగుపడ్డ శుభోదయం గులాబీలన్నీ తుడిచేస్తే అత్తగారూ మీరూ ఇద్దరూ పడతారు.